గోరువెచ్చటి ఇంజన్

ఇంజన్ మీద అరచెయ్యి పెట్టాను. తీసేసి మళ్లీ పెట్టాను. గోరువెచ్చగా ఉంది.

"చెప్పండన్నయ్యా," అంది ఆవిడ షెడ్డు గుమ్మం అవతల నుంచే. లోపలికి అడుగు పెట్టలేదు. రెండు చేతులతో తలుపు అంచు పట్టుకుని నిలబడింది. "వేడిగా ఉందా, చల్లగా ఉందా?"

జవాబుకి ముందు చుట్టూ తడిమి చూశాను. ఇన్సూరెన్సు కంపెనీల కోసం సగం జీవితం దెబ్బతిన్న బండ్లు చూసి, ఆ తర్వాత డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నవాణ్ణి. చేతిలో ఒక్క ఋజువు పెట్టుకుని నోరు జారితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. రేకుల మీద ఇంకా ఎండ పడలేదు. గోడ చల్లగా ఉంది, నేల చల్లగా ఉంది, పక్కనున్న నీళ్ల డ్రమ్ము చల్లగా ఉంది. ఈ షెడ్డులో వెచ్చగా ఉన్నది ఒక్కటే, ఏడాదిగా ఎవరూ ముట్టుకోలేదని ఆవిడ మరిది చెబుతున్న ఈ మోటారు సైకిలు.

అటు వేగానికీ ఇటు దూరప్రయాణానికీ పనికొచ్చే పెద్ద స్పోర్ట్ టూరింగ్ బండి అది. ముందు గాలి అద్దం, వెనక రెండు పక్కలా సామాను పెట్టెలు. ఆవిడ భర్తది. ఏడాది కిందట నదిలో పడవ మునిగింది. మిగతా శవాలన్నీ ఒడ్డుకు చేరాయి, ఆయనది మాత్రం చేరలేదు. నాలుగు నెలలుగా తెల్లవారుజామున ఆ బండి తన కిటికీ కిందకు వచ్చి ఆగుతోందని, కాసేపు ఇంజన్ నడుస్తూ ఉండి వెళ్లిపోతోందని ఈవిడ అంటోంది. ఇంటికి ఒకపక్క గోడౌను, ఎదురుగా ఖాళీ స్థలం. వెనక వాటాలో ఉండే మరిది నాకేమీ వినపడలేదంటాడు. అంతటితో ఊరుకోకుండా పిచ్చి డాక్టరుకు కబురు పెట్టాడు. ఆయన ఇవాళే వస్తున్నాడు. ఈవిడ మతి స్థిమితంలో లేదని ఆయన రాసిచ్చిన మరుక్షణం, ఏడేళ్ల కూతురికీ, పుట్టింటి వారిచ్చిన వర్క్‌షాపు స్థలానికీ మరిదే సంరక్షకుడు. భర్త బతికుండగా ఆయనే ఎన్నిసార్లు అడిగినా ఆ స్థలం అమ్మకానికి ఈవిడ సంతకం పెట్టలేదు.

నా దగ్గరికి వచ్చినప్పుడు ఈవిడ అడిగింది ఒక్కటే. "నాకు పిచ్చో కాదో తేల్చండి. పిచ్చే అయితే నేనే బట్టలు సర్దుకుని పోతాను. పాపకి నా వల్ల కీడు జరక్కూడదు. కాదంటే, కాదని చూపించండి."

"మీరే వెళ్లి ఇంజన్ పట్టుకుని చూడొచ్చుగా అమ్మా," అన్నాను అప్పుడు.

"వేడిగా ఉంటే దెయ్యం, చల్లగా ఉంటే పిచ్చి. ఏదని తేలమని కోరుకోమంటారు?" అంది. 

నిన్న సాయంత్రం కొనేవాడి వేషంలో వచ్చాను. ఆ బండి అమ్మేస్తే శబ్దం ఆగుతుందేమో చూద్దామని నేనే ఈవిడ చేత అనిపించాను. మరిది కాదనలేకపోయాడు. పాత బండి కొనేవాడికి ఒక నియమం ఉంది: నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని అమ్మేవాడికి ముందే గట్టిగా చెప్పాలి. చల్లటి ఇంజనే నిజం చెబుతుంది. ముందుగా వేడెక్కించిన ఇంజన్ చుట్టాల ముందు పిల్లవాడిలా బుద్ధిగా కూర్చుంటుంది. నిన్న ఇంజన్ చల్లగానే ఉంది. తేడా అమ్మేవాడిలో ఉంది.

తన పెరుగు పుల్లన అని ఎవరూ చెప్పుకోరు. ఈ మరిది చెప్పుకున్నాడు. టాంకులో తుప్పు, ఛాసిస్ వంకర, ముందు ఫోర్కులో ఆయిలు కారుతోంది, బ్యాటరీ చచ్చింది, స్టార్ట్ చేసిన కొత్తలో ఇంజన్ లోపల గొలుసు గలగలమంటుంది. అడక్కుండానే అన్నీ ఏకరువు పెట్టాడు. నేను కాసేపు బండెక్కి కూర్చుని, నావి చేటలంత చేతులు గనక క్లచ్ లివరూ బ్రేకు లివరూ రెండూ, వాటి పక్కనుండే చిన్న చక్రాలు తిప్పి, హ్యాండిల్ నుంచి ఎంత దూరం జరుగుతాయో అంత దూరం జరుపుకుని, పట్టి చూస్తుంటే "చీకటి పడుతోంది, వెళ్లండి" అని దింపేశాడు. కాళ్లు పట్టుకుని కొనకండి అనడం ఒక్కటే తక్కువ.

ఇవాళ అతను పాల కోసం బయటికి వెళ్లడం చూసి, ఆవిడ ఎదురుగానే తాళం చట్రం మరలు విప్పి లోపలికి వచ్చాను.

"లోపలికి రండమ్మా," అన్నాను. "వెచ్చగా ఉంది. మీరు చెప్పిన వేళకి నడిచి ఉంటే ఎంత వెచ్చగా ఉండాలో అంత ఉంది."

ఆవిడ రాలేదు. "అంటే దెయ్యమా?"

"ఆగండి."

మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాను. కదలకుండా నిలబెట్టిన బండికి, తేమ ఉన్న చోట, రెండు మూడు రోజుల్లోనే బ్రేకు డిస్కుల మీద ఎర్రటి తుప్పు పొర పడుతుంది. ఒకసారి నడిపి బ్రేకు పట్టుకుంటే అది చెరిగిపోతుంది. ఈ డిస్కులు తోమిన పళ్లెంలా మెరుస్తున్నాయి. బ్యాటరీకి మీటరు పెట్టాను, నిండుగా ఉంది. బండికే వదిలేసిన తాళం చెవితో టాంకు మూత తీసి వెలుగు వేస్తే లోపల తుప్పు లేదు, పెట్రోలు వాసన తాజాగా ఉంది. హ్యాండిల్ నడిమికి తెచ్చి అటూ ఇటూ తిప్పాను, ఎక్కడా పట్టేయలేదు. స్టీరింగు దగ్గర ఛాసిస్ రంగు చిట్లలేదు. వంకర లేదు, వంకా లేదు.

"ముందు ఫోర్కు కారేదా?"

"కుడివైపు గొట్టం కారేది," అంది. "కింద పాత పేపర్లు పరిచేదాన్ని. అది బాగుచేయించే దాకా బండి తీయకూడదనే ఆ రోజు పడవెక్కారు."

నా తెల్ల జేబురుమాలు ఆ గొట్టం చుట్టూ గట్టిగా తిప్పాను. తీసి ఆవిడకు చూపించాను. మరక లేదు.

"దెయ్యాలు ఆయిలు సీళ్లు మార్చవమ్మా. దీన్ని ఎవరో నడుపుతున్నారు. నడపడమే కాదు, బాగా చూసుకుంటున్నారు. మీకు పిచ్చి లేదు."

అప్పుడు వచ్చింది లోపలికి. చంటిపిల్ల నుదురు చూసినట్టు ఇంజన్ మీద చెయ్యి వేసింది. నవ్వబోయింది, అది ఏడుపైంది. "పిచ్చి లేదు," అంది. "నాకు పిచ్చి లేదు." నేను టార్చి బాగుచేసుకుంటున్నట్టు నటించాను.

కాస్త తేరుకున్నాక తనే చెప్పింది. "రెండు నెలల నుంచి దీనికి కొత్త రోగం పట్టిందన్నయ్యా. వెనక సందులో స్టార్ట్ అవుతుంది కదా, అయిన క్షణంలో డబ్బాలో గొలుసు వేసి ఊపినట్టు గలగల. తర్వాత సర్దుకుని చుట్టూ తిరిగి నా కిటికీ కిందకి వస్తుంది. ఆయన ఉన్నప్పుడు ఆ చప్పుడు లేదు. పోయినవాళ్లకి కూడా జబ్బులు చేస్తాయా అనుకున్నాను."

నేను లేచి నిలబడ్డాను. చేతిలో పడ్డ ఆ మాటను తిప్పి చూసుకునేంతలో బయట జీపు ఆగింది.

ముందు మరిది, వెనక ఇన్‌స్పెక్టరు; డాక్టరు వచ్చే వేళకి తోడుండమని మరిదే పిలుచుకొచ్చినట్టుంది. ఆయన చొక్కా గీతల మీద చెయ్యి పెడితే తెగుతుంది. అందుకే మా వృత్తిలో అందరం ఇస్త్రీ అంటాం. నది ఫైలు మూసింది ఆయనే. ఆయన మూసిన ఫైలు తెరవడమంటే ఆయన ఇస్త్రీ చొక్కా మీద కూర్చోవడమే.

"తాళం పగలగొట్టావన్నమాట," అన్నాడు.

"పగలగొట్టలేదు సార్. మరలు విప్పాను, మళ్లీ బిగిస్తాను. షెడ్డు ఆవిడది, స్క్రూడ్రైవరు నాది."

"నిన్న కొనేవాడివి, ఇవాళ డిటెక్టివువి. రేపేంటి, పెళ్లిళ్ల పేరయ్యవా?"

"మీకు సంబంధాలేమైనా కావాలా?"

ఆయన నవ్వలేదు. "ఇదిగో, ఆ పిల్ల తల్లికి లేనిపోనివి ఎక్కించకు. డాక్టరు వస్తున్నాడు. మనిషికి నయమవుతుంది. నీలాంటివాళ్లు దెయ్యాల కథలు చెప్పి డబ్బులు లాగితే నయం కాదు."

"ఇంజన్ పట్టుకుని చూడండి సార్."

పట్టుకోలేదు. నేను మరిది వైపు తిరిగాను. పొట్టి మనిషి, చేతిలో పాల ప్యాకెట్లు, కింద పెట్టాలని కూడా తోచడం లేదు.

"నిన్న నాకు ఈ బండి రోగాలు చెప్పారు కదా. సార్ ముందు ఒకసారి చెప్పండి."

"ఏముంది... టాంకు, ఛాసిస్, ఫోర్కు, బ్యాటరీ. స్టార్ట్ చేస్తే గొలుసు చప్పుడు."

"మొదటి నాలుగూ అబద్ధాలు. ఇప్పుడే చూశాను. ఐదోది మాత్రం నిజం. ఆ చప్పుడు ఎప్పటినుంచి ఉంది?"

"ఎప్పట్నుంచో. అన్నయ్య ఉన్నప్పట్నుంచే."

"మీ అన్నయ్య మెకానిక్కుని నిన్ననే కలిసి వచ్చాను. నదికి వెళ్లే ముందు వారమే ఆయన సర్వీసు చేశాడు. సీలు దొరక్క ఫోర్కు ఒక్కటే మిగిలిందని, ఇంజన్‌లో ఏ చప్పుడూ లేదని అన్నాడు. ఏడాదిగా కదలని ఇంజన్‌కి కొత్త చప్పుడు ఎట్లా వచ్చిందండీ? వచ్చింది సరే, మీ చెవిన ఎట్లా పడింది?"

పాల ప్యాకెట్టు ఒకటి జారి కింద పడింది. వంగి తీసుకోలేదు. అతని మొహం చూస్తే నాకు క్షణం జాలేసింది. అతను నోరు విప్పాక ఆ జాలి పోయింది.

"నేనే నడుపుతున్నాను," అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. "అన్నయ్య మీద బెంగ. తెల్లారకుండా ఒక రౌండు వేస్తే ఆయనతో వెళ్లినట్టుంటుంది. వదిన ఏమంటుందోనని చెప్పలేదు. తప్పయిపోయింది వదినా."

"అయిపోయింది," అన్నాడు ఇస్త్రీ, ఊపిరి వదిలి. "తమ్ముడు బెంగతో నడిపాడు. ఆవిడ దెయ్యమనుకుంది."

"మరి డాక్టరెందుకు సార్ ఇంక?"

"మరిదిని మొగుడనుకోవడం ఆరోగ్యమా? నాలుగు నెలలుగా మా ఆయన వస్తున్నాడని చెబుతోందయ్యా ఈవిడ. డాక్టరు చూస్తాడు."

ఆవిడ తల వంచుకుంది. చేతికి అందిన తీర్పు మళ్లీ జారిపోతోంది. నాకు ఒళ్లు మండింది. "ఒక్కసారి ఎక్కి కూర్చోండి," అన్నాను మరిదితో. "రోజూ నడిపేవారేగా."

ఎక్కాడు. మునివేళ్లు కూడా సరిగ్గా నేలకు ఆనలేదు. స్టాండు తీసీ తీయగానే బండి పక్కకు ఒరిగింది. ఇస్త్రీ ఒకవైపు, నేను ఒకవైపు దూకి పట్టుకున్నాం. ఇన్‌స్పెక్టరు చొక్కా మీద చైను గ్రీజు చారగా అంటుకుంది. ఆయన దాన్ని తుడుస్తూ తిడుతూ ఉండగా, హ్యాండిల్ పట్టుకున్న నా ఎడమ చెయ్యి క్లచ్ లివరును వెతుక్కుంది. నిన్న నేను వదిలిన చోట అది లేదు.

దూరంగా జరిపి వదిలాను. ఇప్పుడు హ్యాండిల్‌కి పూర్తిగా దగ్గరికి వచ్చి ఉంది. కుడి చేతికింద బ్రేకు లివరు మాత్రం నేను పెట్టిన చోటే, దూరంగా ఉంది.

చిన్న చేతులవాడైతే రెండూ దగ్గరికి జరుపుకుంటాడు. పట్టింపు లేనివాడైతే రెండూ వదిలేస్తాడు. ఒక్క క్లచ్చు మాత్రమే జరిపాడంటే, అతనికి ఇబ్బంది ఎడమ చేతితోనే. మరిది వైపు చూశాను. పది వేళ్లూ చక్కగా ఉన్నాయి. 

ఆవిడ పక్కకు వెళ్లి చిన్నగా అడిగాను. "మీ ఆయన ఎడమ చేతికి ఏమన్నా దెబ్బ ఉందా?"

"రెండు వేళ్లకి చివరి కణుపులు లేవు. కుర్రతనంలో చైను శుభ్రం చేస్తుంటే..." లివరు వైపు చూసింది. 

నేనేమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ చేతితో ఎన్నేళ్లు కాపురం చేసిందో, ఆ లివరు ఎక్కడుండాలో నాకన్నా ఆవిడకే తెలుసు. మొహంలో రక్తం మెల్లగా దిగిపోయింది. కేకలు పెడుతుందేమోనని చెయ్యి అడ్డం పెట్టబోయాను. ఆవిడ కేక పెట్టలేదు. నాకు తప్ప ఎవరికీ వినపడకుండా అంది:

"రోజూ కిటికీలో నిలబడి మాట్లాడేదాన్నన్నయ్యా. పాపకి ముందు పళ్లు ఊడాయని చెప్పాను. మీరు లేకపోతే నాకు చేతకావడం లేదని చెప్పాను. నన్ను కూడా తీసుకుపొమ్మని ఏడ్చాను. అన్నీ విన్నారన్నమాట. విని, ఎక్సిలేటరు తిప్పి వెళ్లిపోయేవారు." ఆ లివరును మునివేళ్లతో తాకింది. "దెయ్యమైనా బాగుండేది."

 ఇంతకాలంలో అంత నీచమైన పని నేను చూడలేదు. ఇస్త్రీకి చెబుదామని తిరిగాను, ఆగిపోయాను. లివరు జరిగింది గనక చచ్చినవాడు బతికున్నాడని చెబితే, నన్ను కూడా డాక్టరు ముందు కూర్చోబెడతాడు. చెప్పుకోవడానికి టైము కూడా లేదు. గేటు దగ్గర ఇంకో కారు ఆగింది. అనుకున్న వేళకన్నా ముందే వచ్చాడు డాక్టరు.

మంచి మనిషిలాగే ఉన్నాడు. షెడ్డులోనే ఒక స్టూలు లాక్కుని, ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. మరిది గోడకి ఆనుకున్నాడు. అతని భుజాలు సర్దుకున్నాయి.

"అమ్మా, భయపడకండి. ఒక్క మాట. తెల్లవారుజామున మీ భర్త ఈ బండి మీద మీ కిటికీ దగ్గరికి వస్తున్నారని మీరు అనుకుంటున్నారా?"

 నాలుగు నెలల్లో మొదటిసారి ఆ మాట అక్షరాలా నిజమని ఆవిడకు తెలుసు. ఆ నిజం చెబితే ఆసుపత్రే.

"లేదండీ," అంది.  "మా ఆయన చచ్చిపోయారు. చచ్చినవాళ్లు రారు."

"మరి శబ్దం?"

"అది మా మరిది నడిపాడటండీ. ఇప్పుడే ఇన్‌స్పెక్టరు గారి ముందు ఒప్పుకున్నాడు. నిజంగా బండే వస్తుంటే, బండి చప్పుడు వినపడింది అన్నాను. అది జబ్బా అండీ?"

డాక్టరు ఇస్త్రీ వైపు చూశాడు. ఇస్త్రీ తన చొక్కా మీద గ్రీజు మరక వైపు చూసుకుని, మింగలేక కక్కలేక తల ఊపాడు. తను అల్లిన అబద్ధమే వదినను కాపాడుతుంటే మరిది నోరు తెరుచుకుని నిలబడ్డాడు. డాక్టరు పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

ఆవిడ ఆగలేదు. "ఇన్‌స్పెక్టరు గారూ, మరణ పత్రానికి మీరు రాసివ్వాలటగా. మనసొప్పక ఇన్నాళ్లూ నేను అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను. ఆయన పోయారని రాసివ్వండి. సంతకం పెడతాను."

"వద్దు వదినా!"

అరిచాడు మరిది. ఆ అరుపుకి బయట కాకులు లేచాయి. ఇస్త్రీ నెమ్మదిగా అతని వైపు తిరిగాడు. "ఎందుకొద్దు?" అన్నాడు. "ఏడాదిగా మా అన్నయ్య పోయాడు, వదిన నమ్మడం లేదు అని నా బల్ల చుట్టూ తిరిగింది నువ్వేగా?"

మరిది ఏదో గొణిగాడు. జేబులోంచి ఫోను తీసుకుంటూ, మా మధ్య నుంచి తోసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఇస్త్రీ అతన్ని ఆపలేదు. బండికే ఉన్న తాళం చెవి తీసి ఆవిడ చేతిలో పెట్టాడు, నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపులో వెటకారం లేదు. ఆయనతో నాకున్న పరిచయంలో అదే మొదటిసారి. తర్వాత డాక్టరును కారు దాకా సాగనంపడానికి వెళ్లాడు.

"పాపని మీ అమ్మగారింటికి పంపించండి," అన్నాను ఆవిడతో. "మిమ్మల్ని పిచ్చిదాన్ని చేసే దారి మూసుకుపోయింది, మరణ పత్రం వస్తే బతికున్నానని తిరిగొచ్చే దారీ మూసుకుపోతుంది. ఇక మీ ఆయన ఊరికే ఉండడు."

"నన్నేం చేస్తారు? చంపుతారా? చంపనివ్వండి." కోపం అప్పుడు వచ్చింది ఆవిడకి, అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

తాళం చెవి తీసుకుని, చూడకుండా మిగిలిన పక్కపెట్టెలు తెరిచాను. కుడి పెట్టెలో వాన కోటు. ఎడమ పెట్టె గొళ్లెం కాస్త బిగుసుకుంది, మోచేత్తో కొడితే తెరుచుకుంది. లోపల ఒక హెల్మెట్. కొత్తది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. గులాబీ రంగు. నా రెండు అరచేతుల్లో ఇమిడిపోయేంత చిన్నది.

ఆవిడ దాన్ని అందుకోలేదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మొన్న పాప కుట్టుటేపు పెట్టి తన తల కొలుచుకుంటోంది," అంది. "ఎందుకే అంటే, నాన్నకి చెప్పాలి అంది. అలాంటి మాటలనకూడదని ఒకటి వేశాను."

"పాప ఎక్కడుంది ఇప్పుడు?"

"ఇంట్లో. నిద్ర లేచి ఉంటుంది."

ఇద్దరం ఒక్కసారే బయటికి చూశాం. గేటు దగ్గర డాక్టరూ ఇస్త్రీ తప్ప వీధిలో ఎవరూ లేరు. మరిది ఫోను చెవికి పెట్టుకుని వెళ్లింది వీధిలోకి కాదు. ఇంటి వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. నేను ఇస్త్రీని కేకేసేలోపే ఆవిడ చెప్పులు వదిలేసి పరిగెత్తింది.